ముగ్గు పోసేముందు మా పిల్లల్ని ఒక్కమాట అడగండి

బడి భవనాల నమూనాలు గీసే ఇంజనీర్లకు, వాటిని మంజూరు చేసే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు తూర్పున సముద్రం వైపు ఉన్న ఒక ఊళ్లో తాపీ మేస్త్రీని. మా అమ్మాయి ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆ బడి యాజమాన్య కమిటీలో నేను సభ్యుణ్ణి. మీ చదువు మీదా, మీ లెక్కల మీదా నాకు గౌరవం ఉంది. స్లాబులో ఎన్ని ఊచలు, ఎంత దూరంలో కట్టాలో మీరు చెబితేనే నేను కడతాను.

మా బడికి కొత్త గదులు మంజూరయ్యాయని తెలిసినప్పుడు అందరం సంతోషించాం. డ్రాయింగు చూపించమని అడిగాం. అది టైప్ డిజైన్, అంటే అన్ని బడులకూ ఒకటే నమూనా, చూసినా మార్చడానికి వీల్లేదు అన్నారు. ఎలాగో ఒకరి ఫోనులో ఉన్న ఫోటో సంపాదించి చూసుకున్నాం. మాకు తోచిన అభ్యంతరాలు రాసి, కమిటీ తీర్మానం చేసి పంపాం. జవాబు రాలేదు. సోమవారం అర్జీల్లో ఇచ్చాం. కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో అందులో లేదు. డ్రాయింగు మాత్రం అట్లాగే ఉంది.

అందుకే అందరికీ కనిపించేలా ఈ లేఖ రాస్తున్నాను. ఏ ఆఫీసు పేరూ, ఎవరి పేరూ రాయడం లేదు. మా బడి ఒక్కదానికే వచ్చిన కష్టమైతే ఆఫీసుల చుట్టూ తిరిగి ఎలాగో తేల్చుకునేవాళ్లం. పని కోసం నెల్లూరు వైపూ వెళ్తుంటాను, కనిగిరి, మార్కాపురం వైపూ వెళ్తుంటాను. సముద్రపు గాలి కొట్టే ఊళ్లోనూ అదే భవనం, గుక్కెడు మంచినీళ్లు దొరకని మెట్ట ఊళ్లోనూ అదే భవనం. రంగు కూడా అదే.

మా జిల్లాకు ఈ విషయంలో కొంత చరిత్ర ఉంది. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న మొదలైంది ఒంగోలులోనే. మొదటి విడతలో 15,715 బడులు తీసుకుని, కాంట్రాక్టర్లతో పని లేకుండా తల్లిదండ్రుల కమిటీల చేత చేయించారు. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది, నేను రాజకీయం జోలికి పోను. కానీ అంతకుముందు బడి గేటు దాటని తల్లులు కూర్చుని సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, బిల్లు చూసి సంతకం పెట్టడం నేను కళ్లారా చూశాను. అది చిన్న విషయమేమీ కాదు.

అయితే అప్పుడు కూడా మాకు దక్కింది ఖర్చులో వాటా. గీతలో వాటా దక్కలేదు. నమూనాలు పైనుంచే వచ్చాయి. ఇసుక సరిగ్గా ఉందో లేదో చూసి లారీ వెనక్కి పంపగలిగిన అమ్మకు, టాయిలెట్ తలుపు ఏ వైపు తెరుచుకోవాలో చెప్పే హక్కు లేదు. తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు మన బడి - మన భవిష్యత్తు అయింది. డ్రాయింగు వచ్చే దారి మాత్రం పాతదే.

చట్టం మా వైపే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక ఆ కమిటీయే తయారు చేయాలి. ప్రభుత్వం వేసే ప్రణాళికలకు, ఇచ్చే గ్రాంట్లకు ఆ కాగితమే ఆధారం కావాలని కూడా అందులోనే ఉంది. ఇక పిల్లల సంగతి. తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. మన దేశం దానికి 1992లోనే ఒప్పుకుంది.

మమ్మల్ని అడగకుండా కట్టినందువల్ల ఎవరికి ఏమవుతోందో వరసగా రాస్తాను.

1. నేల సంగతి ఊరికి తెలుసు, కాగితానికి తెలియదు.

మా బడి ఆవరణలో ఒక మూల పాత బావి ఉండేది. నేను పుట్టకముందే పూడ్చేశారు. ఇప్పుడు చూస్తే చదునైన నేల, దాని మీద పిల్లలు కబడ్డీ ఆడతారు. కొత్త డ్రాయింగులో రెండు పిల్లర్ గుంతలు దాదాపుగా ఆ బావి మీదకే వస్తున్నాయి. ఈ సంగతి మాకు చెప్పింది ఎనభై దాటిన ఒక పెద్దాయన. మట్టి పరీక్షకు ఒకటి రెండు చోట్ల తవ్వుతారు. బావి దానికి పదడుగుల పక్కన ఉంటే ఏ పరీక్షకూ దొరకదు. పూడిక మట్టి మీద నిలబెట్టిన పిల్లరు కుంగితే దాని మీది గది ఎవరిది? మా పిల్లలది. ఆ మూల జేసీబీతో ఒక గంట తవ్వించి చూడండి, బాడుగ కమిటీ పెట్టుకుంటుంది అని రాసిచ్చాం. దానికీ జవాబు లేదు.

నీళ్ల సంగతి కూడా ఇట్లాంటిదే. సముద్రం వైపు ఊళ్లలో ఒక బోరు తియ్యగా ఉంటే వంద గజాల అవతల బోరు ఉప్పగా ఉంటుంది. ఏది ఏమిటో నీళ్లు మోసే ఆడవాళ్లను అడిగితే అరనిమిషంలో చెబుతారు. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, మీకు తెలియనిది కాదు. కానీ పని జరిగేచోట ఏ బోరు దగ్గరుంటే ఆ బోరుకే పైపు తగిలిస్తారు. అదే ప్రమాణం తీరప్రాంతంలో ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలంటుంది. కవర్ బ్లాకుల బదులు కంకర రాయి ముక్క పెట్టి స్లాబు పోసేస్తే, ఉప్పుగాలికి ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు రాలి బెంచీల మీద పడతాయి. పొగాకు పండే నల్లరేగడి నేలల్లో ఇంకో రకం బాధ. ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు, వానాకాలం ఉబ్బే నేల. అక్కడా ఇక్కడా ఒకే పునాది లోతు ఎలా సరిపోతుందో నాకైతే అర్థం కాలేదు.

2. వాన ఎటునుంచి కొడుతుందో, ఎండ ఎటునుంచి వస్తుందో చూడలేదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యపు గాలితో వస్తాయి. మా పాత గదుల వరండా సరిగ్గా అటే చూస్తుంది, సన్‌షేడు మూరెడు. నవంబరులో జల్లు వరండా దాటి మూడో బెంచీ దాకా వస్తుంది. తలుపు వేస్తే చీకటి, తీస్తే పుస్తకాలు తడుస్తాయి. అటువైపు కూర్చునే పిల్లలు నవంబరంతా వెనక బెంచీల్లో ఇరుక్కుంటారు. మార్చి వస్తే మధ్యాహ్నం ఎండ పడమటి గోడను కాల్చి పారేస్తుంది. ఒంటిపూట బడులు పెట్టేది ఎండలకే కదా. గదులు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండి, కిటికీలు ఉత్తరం దక్షిణం వైపు ఎదురెదురుగా ఉంటే గాలి ఆడుతుందని నాలాంటి మేస్త్రీకే తెలుసు. మీకు ఇంకా బాగా తెలుసు. కానీ టైప్ డిజైన్‌కు దిక్కులు ఉండవు. ఖాళీ ఎటుంటే అటు తిప్పి పెడతారు.

ఇక్కడ మా వాళ్ల సంగతి కూడా దాచను. ఊళ్లో అడిగితే ముందు వాస్తు అంటారు, తూర్పు ముఖమే కావాలంటారు. అప్పుడు మీలాంటి చదువుకున్నవాళ్లు వచ్చి, ఇటు పెడితే నవంబరులో ఇట్లా అవుతుందని ఎదురుగా నిలబడి చెప్పాలి. చెబితే వింటారు. ఎవరూ రాకపోతే వాస్తు సిద్ధాంతి మాటే నెగ్గుతుంది.

3. ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తున్నారు.

ఈ పాయింటు గురించి రాయడానికి నాకు మొహమాటంగానే ఉంది, కానీ రాయక తప్పదు. మా బడిలో ఆడపిల్లల టాయిలెట్లు మగపిల్లలు ఆడుకునే గ్రౌండుకు ఎదురుగా ఉన్నాయి. అడ్డుగోడ లేదు. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ అందరికీ కనిపిస్తారు. లోపల బట్ట తగిలించుకోవడానికి చిన్న కొక్కెం లేదు, వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న డబ్బా లేదు, గడియ సగం పడుతుంది. అందుకని పెద్ద క్లాసుల పిల్లలు పొద్దున ఇంట్లో తాగిన నీళ్లతో సాయంత్రం దాకా ఉండిపోతున్నారు. నెలసరి రోజుల్లో ఏం చేస్తారంటే, బడికే రారు. ఈ సంగతి మా ఆవిడ చెబితే తప్ప నాకు తెలియలేదు. టీచరమ్మ పిల్లల్ని పేర్లు రాయకుండా చీటీల మీద రాయమంటే అందరూ దాదాపు ఇదే రాశారట. కట్టేటప్పుడు ఆ చీటీలు మీ చేతిలో ఉంటే, ఒక అడ్డుగోడ, ఒక కొక్కెం, తలుపు రెండో వైపుకు తిప్పడం. వీటికి అయ్యే ఖర్చు ఎంత? ఇప్పుడు డ్రాయింగులో పై అంతస్తు ఉంది. అక్కడ టాయిలెట్ అసలే లేదు.

4. చిన్నపిల్లలు పెద్దవాళ్ల కొలతల్లో బతుకుతున్నారు.

2022లో వచ్చిన 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు తెచ్చారు. ఆ జీవో మీద ఎంత గొడవ జరిగిందో అందరికీ తెలుసు, అది వేరే సంగతి. తెచ్చిన పిల్లలకు ఎత్తు తగ్గించిన కుళాయి ఒక్కటైనా పెట్టారా? ఎనిమిదేళ్ల పిల్ల మునివేళ్ల మీద నిలబడి కుళాయి తిప్పి, చేతికి దొరికిన నీళ్లు మోచేతి దాకా కారుతుంటే చూశాను. మెట్లు ఎత్తు, గడియ ఎత్తు, బోర్డు ఎత్తు. ఇవన్నీ ఒక టేపు పట్టుకుని పిల్లల పక్కన నిలబెడితే తేలిపోతాయి.

5. వంట చేసే అమ్మల్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు.

వంటషెడ్డు గదులకు గాలి వచ్చే వైపు కట్టారు, పొగ నేరుగా క్లాసులోకి. షెడ్డు నేలకు వాలు లేదు, గంజి వంచితే అక్కడే నిలుస్తుంది. పిల్లలు కూర్చుని తినే చోటు అవతలి కొసన ఉంది. కాగుతున్న సాంబారు గిన్నె ఇద్దరు పట్టుకుని, రెండు మెట్లు దిగి, పిల్లలు పరిగెత్తే గ్రౌండు దాటి మోసుకెళ్లాలి. గ్యాస్ బండ పెట్టేందుకు బయటవైపు చిన్న గూడు ఉంటే బాగుండేదని వంటమ్మ చెప్పింది. ఎంత తెలివైన మాట అది! ఆమెను అడిగిన వాళ్లే లేరు. కంచాలు కడిగే కుళాయిల నీళ్లు ఎటు పోతాయో కూడా డ్రాయింగులో గుర్తు లేదు. అందుకే ప్రతి బడి వెనకా ఒక దోమల గుంట.

6. శుభ్రం చేసే ఆయాకు నీళ్ల కుళాయి టాయిలెట్లకు ముప్పై గజాల దూరంలో ఉంది. చీపుర్లు, ఫినాయిల్ పెట్టుకోవడానికి అలమర కూడా లేదు. టాయిలెట్లు శుభ్రంగా లేవని ఆమె మీద కేకలేయడం మాత్రం అందరికీ వచ్చు.

7. ర్యాంపు ఉంది, దారి లేదు.

పన్నెండు అడుగులకు ఒక అడుగు లేవాలన్న వాలు లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంటుంది. చోటు చాలలేదని కట్టేటప్పుడు కుదించేస్తారు. ఆ నిటారు ర్యాంపు మీద వీల్‌ఛైర్ నెట్టుకుంటూ ఎక్కలేరు. బైకులు మాత్రం వరండాలోకి బ్రహ్మాండంగా ఎక్కుతున్నాయి. పోనీ ఎక్కారనుకుందాం, వరండా నుంచి టాయిలెట్ దాకా దారి అంతా ఇసుక. కాళ్లు సరిగ్గా లేని పిల్లవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుని ఒకసారి బడంతా తిరగండి చాలు.

8. తుపాను వస్తే ఊరంతా తలదాచుకునేది బడిలోనే.

1989 కావలి తుపాను చూసినవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు జిల్లాను ముంచింది, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ప్రతిసారీ లోతట్టు జనాన్ని తీసుకొచ్చి పెట్టేది బడుల్లోనే. కాబట్టి బడి కట్టేటప్పుడు అడగాల్సింది పిల్లల తల్లిదండ్రుల్ని మాత్రమే కాదు. నీళ్లు ఏ గుమ్మం దాకా వచ్చాయో చూపించగల ముసలివాళ్లను కూడా అడగాలి. మీరు బేస్‌మెంట్ ఎత్తు రోడ్డును చూసి నిర్ణయిస్తారు. ఆ రోడ్డు వేసిన ప్రతిసారీ అరడుగు లేస్తుంది. పదేళ్లకు బడి పల్లంలో ఉంటుంది. మెట్ట ప్రాంతంలో దీనికి తలకిందులు. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, పిల్లల పళ్లు గారపట్టి ఉంటాయి. అక్కడి భవనానికి స్లాబు మీద పడే వాన నీళ్లు పట్టుకునే తొట్టి ముందే గీతలో ఉండాలి. రెండు చోట్లకూ ఒకే నమూనా పంపడం ఏం పద్ధతి?

పిల్లల మాట ఎందుకు వినాలంటే ఇంకో కారణం ఉంది. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝలావర్ జిల్లా పిప్లోదీ ఊళ్లో ప్రభుత్వ బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి కంకర రాలుతోందని పిల్లలు ముందే చెప్పినా పెద్దవాళ్లు పట్టించుకోలేదని ఆ రోజుల్లో పేపర్లలో వచ్చింది. గోడకు పగులు ఎక్కడుందో, ఏ ఫ్యాను ఊగుతోందో, ఏ మూల పాములు తిరుగుతాయో పిల్లలకే ముందు తెలుస్తుంది. రోజంతా అక్కడ ఉండేది వాళ్లు.

ఇప్పుడు మీరు చెప్పే అభ్యంతరాలకు వస్తాను. కొన్నింటిలో న్యాయం ఉంది.

ఊరివాళ్లకు ఇంజనీరింగ్ ఏం తెలుసు అంటారు. నిజమే. 1967లో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇక్కడ పిల్లరు సైజు, ఇనుము లెక్క మీరే చెప్పాలి, మా వాళ్లెవరూ వేలు పెట్టకూడదు. మేం అడిగేది గది ఎటు చూడాలి, తలుపు ఎటు తెరవాలి, కుళాయి ఎంత ఎత్తులో ఉండాలి, దేని పక్కన ఏది ఉండాలి అన్న సంగతులు. వీటికి డిగ్రీ అక్కర్లేదు, ఆ బడిలో ఒక వానాకాలం ఒక ఎండాకాలం గడిపి ఉంటే చాలు.

ఆలస్యమవుతుంది అంటారు. మా ఊళ్లో రెండో విడత నాడు-నేడులో మొదలైన గదులు గోడల దగ్గరే ఆగి ఎన్నాళ్లుగా ఉన్నాయో అందరికీ తెలుసు. బిల్లుల కోసం ఏళ్లు ఆగినప్పుడు లేని తొందర, మమ్మల్ని ఒక పూట అడగాల్సి వచ్చేసరికి ఎందుకొస్తుంది?

ఊళ్లో తగువులు వస్తాయి అంటారు. వస్తాయి. దీన్ని నేను కాదనను. ఊరు అంటే అందరూ ఒకటే అనుకోవద్దు. మీరు గ్రామసభ పెట్టించి తీర్మానం చేయించుకుంటే, రచ్చబండ దగ్గర కూర్చునే నలుగురు పెద్దమనుషులు మాట్లాడి పంపేస్తారు. కాలనీ పిల్లలు ఏ గేటు నుంచి వస్తారో, ఆ దారిలో మురుగు కాలవ ఉందో లేదో ఆ నలుగురికీ పట్టదు. వాళ్ల పిల్లలు ఒంగోలులో ప్రైవేటు బడుల బస్సులు ఎక్కుతారు. కాబట్టి అడగడం అంటే ఎవరిని అడుగుతున్నారో కూడా చూసుకోవాలి. కాలనీకి వెళ్లి అడగండి. ఆడవాళ్లను విడిగా, పొలం పనులు లేని వేళ అడగండి.

పిల్లలు స్విమ్మింగ్ పూలు, లిఫ్టు అడుగుతారని నవ్వుతారు. ఒకరిద్దరు అడుగుతారు. మా బడిలో ఆరో తరగతి పిల్లల్ని టీచరు ఏం కావాలని అడిగితే ఎక్కువమంది చెప్పింది చెట్టు కింద కూర్చునే అరుగు, సైకిళ్లకు నీడ, వాన రోజున ఆడుకోవడానికి కప్పున్న చోటు. ఇందులో గొంతెమ్మ కోరిక ఏముంది?

ఒక బయటి ఉదాహరణ చెబుతాను. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే ఎండల దేశంలో గాండో అనే పల్లె ఉంది. ఆ ఊళ్లో పుట్టిన ఫ్రాన్సిస్ కెరె బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే తన ఊరికి బడి గీశాడు. మట్టి ఇటుక వానకు నిలవదని ఊరివాళ్లు మొదట సందేహపడ్డారు. ఆయన వాళ్లకు చెప్పి, చూపించి, వాళ్ల చేతనే కట్టించాడు. 2001లో పూర్తయింది. గది పైకప్పుకూ రేకుకూ మధ్య ఖాళీ వదిలాడు, వేడి గాలి అందులోంచి పోతుంది. ఆ బడికి 2004లో ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది, ఆయనకు 2022లో ఆర్కిటెక్టులకు ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. బహుమతుల సంగతి పక్కన పెట్టండి. కట్టిన చేతులు ఊరివే కాబట్టి, మరమ్మతు వస్తే ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఒక మేస్త్రీగా నాకు నచ్చింది అది.

మేం అడుగుతున్నవి ఇవి.

మొదటిది. గీత మొదలుపెట్టేముందు, గీసే ఇంజనీరు ఒక పనిదినం మొత్తం బడిలో ఉండాలి. ప్రార్థన గంట నుంచి ఇంటి గంట దాకా. ఇంటర్వెల్‌లో టాయిలెట్ల దగ్గర, మధ్యాహ్నం వంటషెడ్డు దగ్గర నిలబడి చూడాలి. స్థలం కొలిచి అరగంటలో వెళ్లిపోతే కుదరదు.

రెండోది. డ్రాయింగు తెలుగులో, అడుగుల్లో రాసి, బడి గోడకు అతికించాలి. హెడ్‌మాస్టారు బీరువాలో పెట్టి తాళం వేస్తే అతికించినట్టు కాదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మా పనిలో పునాది తవ్వేముందు నేల మీద సున్నంతో ముగ్గు పోస్తాం. అప్పటిదాకా ప్లాను కాగితం చూసి తలూపిన ఇల్లాలు, ఆ ముగ్గులో నిలబడగానే మాట్లాడుతుంది. పొయ్యి అక్కడ పెడితే వీధి గుమ్మం కనిపించదు మేస్త్రీ, ఇటు జరుపు అంటుంది. జరుపుతాం. అయ్యే ఖర్చు చారెడు సున్నం. అదే గోడ లేచాక జరపాలంటే ఎంతవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బడికి కూడా అట్లాగే చేయండి. గుంతలు తీయడానికి కనీసం వారం ముందు అసలు కొలతలతో ముగ్గు పోయించండి. అందులో బెంచీలు వేసి ఒక క్లాసు పిల్లల్ని కూర్చోబెట్టండి, టీచరును బోర్డు ఉండే చోట నిలబెట్టండి. ఈమధ్య హైస్కూళ్లలో గోడకు పెద్ద తెరలు పెట్టారు కదా, కిటికీ వెలుగు దాని మీద పడి వెనక బెంచీకి ఏమీ కనిపించదు. అది అక్కడే తేలిపోతుంది. వంటమ్మల్ని ఖాళీ గిన్నె పట్టుకుని నడవమనండి. ఆడపిల్లల్ని టీచరమ్మతో పాటు టాయిలెట్ ముగ్గు దాకా నడిచి రమ్మనండి. ఒక పూట పని, రెండు బస్తాల సున్నం. సున్నం నేనే తెస్తాను, ముగ్గు కూడా కూలి లేకుండా పోస్తాను.

నాలుగోది. వచ్చిన ప్రతి సలహాకూ పదిహేను రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వాలి. తీసుకున్నాం అనో, తీసుకోలేదు, కారణం ఇదీ అనో. కారణం సరైనదైతే ఒప్పుకుంటాం.

ఐదోది. యాజమాన్య కమిటీ తీర్మానం, పిల్లల తరఫున క్లాసుకు ఇద్దరు, వంటవాళ్లు, ఆయా చూసినట్టు సంతకాలు లేకుండా సాంకేతిక మంజూరు ఇవ్వకూడదు. ఈ కాగితం ఫైలులో తప్పనిసరి చేస్తే తప్ప మిగతావన్నీ మాటలుగానే మిగులుతాయని నా అనుభవం.

ఆరోది. భవనం ఇచ్చాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచిన తర్వాత, కాంట్రాక్టరు హామీ గడువు ముగియకముందే, గీసినవాళ్లు మళ్లీ రావాలి. ఏం పనిచేసిందో ఏది చేయలేదో పిల్లల్ని అడిగి రాసుకోవాలి. ఆ కాగితం తర్వాతి బడి గీసేవాళ్ల చేతికి అందాలి. ఇప్పుడైతే ఒక ఊళ్లో జరిగిన తప్పు మక్కీకి మక్కీ పక్క ఊరికి వెళ్తోంది.

టీచర్లకు కూడా ఒక మాట. మీలో చాలామందికి ఈ లోపాలన్నీ తెలుసు. బదిలీ భయమో, మనకెందుకులే అనో ఊరుకుంటున్నారు. కమిటీ మీటింగులో మీరు నోరు తెరిస్తే మాకు బలం. మినిట్స్‌లో రాయండి చాలు, తిరిగేది మేం తిరుగుతాం.

తోటి తల్లిదండ్రులకు. మీటింగుకు రమ్మంటే సంతకం కోసం పుస్తకం ఇంటికే పంపమనడం మానేద్దాం.

మా బడి విషయంలో ప్రత్యేకంగా అడిగేది ఒక్కటే. ఇంకా గుంతలు తీయలేదు, సామాను దిగలేదు, ఇప్పుడైతే గీత మార్చడానికి ఎవరికీ నష్టం లేదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నం బడి ఖాళీ అవుతుంది, మీకు చూడటానికి ఏమీ ఉండదు. అంతకుముందే ఒక పనిదినాన రండి. ముందురోజు హెడ్‌మాస్టారికి ఫోన్ చేస్తే కమిటీ వాళ్లం పనులు మానుకుని ఉంటాం. కాగితం మీద ఏ మార్పు వీలవుతుందో, ఏది కాదో అక్కడే చెప్పి రాసిచ్చి వెళ్లండి.

ఇట్లు,
ప్రకాశం జిల్లాలోని ఒక ప్రభుత్వ హైస్కూలు యాజమాన్య కమిటీ సభ్యుడు